వాకిట్లో నీళ్లు

"గడప తొక్కకు! ముందు నీళ్లు పోసుకో," అంటూ కొమురవ్వ వాకిట్లో బిందె దించింది. ఢిల్లీలో నర్సుల పెద్ద చదువు చదివే కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా ఇదే మర్యాద.

కనకలక్ష్మి పెట్టె కింద పెట్టింది.

అరుగు మీద మేనత్త మల్లక్క నవ్వింది. "మంది పియ్యెత్తేటందుకు గూడ ఎమ్మెస్సీ చదవాల్నా పిల్లా?"

"చదవాలత్తా. మామ పక్షవాతంతోని పడ్డనాడు బీయే చదివిన నీ కొడుక్కు చాతగాలే గద, నేనే ఎత్తిన."

"గందుకే! గా మైల చేతులను ఎవడు పట్టుకుంటడు? నీకిగ పెండ్లయినట్టే!"

చెంబు ముంచబోయిన కొమురవ్వ ఆగిపోయింది. కూతురి చేతుల వైపు ఒకసారి చూసి, బిందెను అరుగు దగ్గరికి జరిపింది.

"వదినె, గా చేతులతోనే కడిగిన నీ మొగన్ని నువ్వు రోజూ ముట్టుకుంటున్నవు. ముందుగాల నువ్వు పోసుకో."

కొమురవ్వ కూతురి పెట్టె అందుకుంది.

"నువ్వు లోపలికి రా బిడ్డా, బువ్వ చల్లారుతుంది."