దీవికి మంచి కాలం

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే దిద్దుకుని చదవండి. ఇంత చిన్న కథకే నాకు రెండు నెలలు పట్టింది.

“కూతుర్నీ అల్లుణ్ణీ చలికాలం పంపించు పెద్దమ్మా. దీవికి అదే మంచి కాలం,” అన్నాడు పడవ టికెట్ల గుమాస్తా. “నీళ్ళు అద్దంలా ఉంటాయి.”

“జనం?”

“జనమూ ఉంటారు మరి. ఇసకేస్తే రాలదు.”

“ఎండాకాలం?”

“ఉడికిపోతారు.”

“ఎండలు తగ్గి, వానలింకా పడకముందు?”

గుమాస్తా నవ్వాడు. “అప్పుడెవరు వెళ్తారు? గాలి, ఉక్కపోత. గదులన్నీ ఖాళీ. కొత్త దంపతులకి చూపించేది అదా?”

“కొత్తవాళ్ళు కాదులే. పెళ్ళయి ఆరేళ్ళయింది.”

ఆవిడ రేవు వెనక సందులో ఉంటుంది. పడవలవాళ్ళ యూనిఫారాలన్నీ ఆవిడే ఇస్త్రీ చేస్తుంది. గుమాస్తా చొక్కాలు అతని చేతికిచ్చి, కిటికీ పక్కన అంటించిన పడవల పట్టికను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఒక తేదీ దగ్గర వేలు ఆగింది.

“ఈ రోజుకి రెండు ఇవ్వు నాయనా.”

గుమాస్తా ఆ తేదీ చూశాడు. ఆవిడ మొహం చూశాడు.

“బాగా ఆలోచించుకున్నావా?”

“మూడు రోజుల నుంచీ అదే ఆలోచన.”

ఇంట్లో కూతురు మంచం మీద కూర్చుని మోచేతి కట్టు విప్పుకుంటోంది. అలా పుట్టింటికి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ వేరే ఊళ్ళో కుట్టుపనికి కుదిరింది. రెండుసార్లూ వారం తిరక్కుండానే అల్లుడు ఆరా తీసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏడ్చాడు, కాళ్ళు పట్టుకున్నాడు, వెంటబెట్టుకుని పోయాడు. ఈసారి దీవి మాట ఎత్తాడు.

“పది రోజులు మేమిద్దరమే ఉంటే అన్నీ మర్చిపోతుంది అత్తయ్యగారూ. ఎప్పుడు బాగుంటుందో మీరే కనుక్కోండి,” అని చెప్పి, రోజూ పొద్దున్నే వచ్చి ఎదురు దుకాణం బల్ల మీద కూర్చుంటున్నాడు. కూతురు గడప దాటడం మానేసింది.

“టికెట్లు తెచ్చాను,” అంది తల్లి.

“ఎవరికి?”

“మీ ఇద్దరికీ.”

కూతురు చెయ్యి కట్టు మీదే ఆగిపోయింది. “నువ్వూ అతని వైపేనా అమ్మా? ఇక్కడైతే అరిస్తే పక్కింటివాళ్ళన్నా వస్తారు. అక్కడ ఎవరొస్తారు?”

“పెట్టె సర్దుకో.”

“నేను బరువైతే బరువయ్యానని చెప్పు. ఇలా కాదు.”

కూతురిది లోపలి మాట దాచలేని మొహం. ఆ మొహం వైపు చూడకుండా తల్లే పెట్టె సర్దింది. మంచి బట్టలు పక్కన పెట్టి, వెలిసిపోయినవన్నీ అందులో కుక్కింది.

“మంచివెందుకు పాడవడం అనుకున్నావా?” అంది కూతురు గోడవైపు తిరిగి.

“అనుకో.”

ఆ రోజు రానే వచ్చింది. అల్లుడు కొత్త చొక్కా వేసుకుని తెల్లారేసరికే రేవులో ఉన్నాడు. సముద్రమెరగని ఊరివాడు. సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అత్తగారొక్కతే పెట్టె మోసుకుంటూ రావడం చూసి మొహం ముడుచుకున్నాడు.

“అదేదీ?”

“డాక్టరు దగ్గర కూర్చుంది బాబూ. చేతి కట్టు మార్చాలి కదా. ఇంకా వరస రాలేదు.”

అతను చూపు తిప్పుకున్నాడు. “అయితే నేనూ ఆగుతాను.”

“మధ్యాహ్నంలోపు వెళ్ళకపోతే గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. మీరు ముందెళ్ళి తాళం తీసుకోండి. తర్వాతి పడవకి దాన్ని నేనే ఎక్కిస్తాను. ఇదిగో, దాని పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి. ఇంక ఎక్కడికి పోతుంది?”

అతను అక్కడే పెట్టె మూత తీసి చూశాడు. భార్య బట్టలు గుర్తుపట్టి మూత వేశాడు. నవ్వాడు.

“మీకున్న తెలివి దానికి లేదు అత్తయ్యగారూ. అది ఒట్టి మొండి. అక్కడికి రానివ్వండి, చెప్తాను దాని సంగతి.” అని, ఆవిడ తననే చూస్తోందని గమనించి, “సరదాకి అన్నాను,” అన్నాడు.

“తెలుసు బాబూ.”

“ఆఖరి పడవ. ఎక్కేవాళ్ళు ఎక్కాలి,” అని గుమాస్తా కేకేశాడు.

అల్లుడి కాలు చెక్క మెట్టు మీదే ఆగింది. “ఆఖరిదంటాడేంటి?”

“పొద్దుటి పూటకి ఇదే ఆఖరిది. గొంతు పోయేలా అలా అరవడం అతనికి అలవాటు.”

గుమాస్తా ఆవిడవైపు చూశాడు. తర్వాత అల్లుడి టికెట్ సగం చించి చేతికిచ్చాడు. “పదండి సార్, తాడు విప్పేస్తున్నారు.”

పడవ కదిలాక అతను కమ్మీ పట్టుకుని వంగి అరిచాడు. “తర్వాతి పడవకే పంపించాలి. మాట తప్పకూడదు.”

“తప్పను బాబూ. తర్వాతి పడవకే.”

పడవ కనుచూపు దాటేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. ఇంటికి వచ్చేసరికి కూతురు చేతిసంచీతో గుమ్మంలో ఉంది. నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి.

“డాక్టరు దగ్గరికి వద్దన్నావు, రేవుకి రావద్దన్నావు. అతనేడీ?”

“ముందు వెళ్ళాడు. నిన్ను తర్వాతి పడవకి ఎక్కిస్తానని మాటిచ్చాను.”

కూతురు ఏడవలేదు. దానికి కూడా ఓపిక అయిపోయినట్టుంది. వంగి చెప్పులు వేసుకుంది.

“సరే, పద. ఎలాగూ తప్పదుగా. ఎన్నింటికి ఆ తర్వాతి పడవ?”

“వానలు వెలిశాక. నాలుగు నెలలకి,” అంది తల్లి.