రెండో కొళాయి

జిల్లా బోర్డు ఓవర్సీరు నరసింగరావు సైకిలు దిగేసరికి తవిటమ్మా, దాలమ్మా కొళాయి దగ్గర జుట్లు పట్టుకుని ఉన్నారు.

"ఇది మా పైఈది కొళాయి. నీ కడవ తీసీ," అంటోంది తవిటమ్మ.

"మీ తాత తవ్వించినాడేటే? వంశధార నీలు. బోర్డోలు ఊరందరికీ ఇచ్చినారు," అంటోంది దాలమ్మ.

అప్పటికే ఒక కడవ పగిలి అరుగు నిండా పెంకులు. జనం చుట్టూ చేరి చూస్తున్నారే తప్ప ఒక్కరూ విడదీయడం లేదు. నరసింగరావు మధ్యలోకి దూరాడు. ఎవరి మోచెయ్యో తగిలి అతని టోపీ వెళ్లి బురదలో పడింది.

జిల్లా బోర్డు వాళ్లు ఏటి ఒడ్డున బావి తవ్వించి, ఆయిలు ఇంజను పెట్టి ఆ ఊరికి నీళ్లిచ్చి ఇంకా ఏడాది కాలేదు. కిందవీధి వాళ్లు తమకూ ఒక కొళాయి కావాలని అడుగుతూనే ఉన్నారు. యుద్ధం అయిపోయినా ఇనుప గొట్టాలు దొరకడం లేదని నరసింగరావు చెబుతూనే ఉన్నాడు.

"ఇలా కొట్టుకుంటే ఉన్న కొళాయి కూడా పీకించేస్తారమ్మా," అన్నాడు టోపీ దులుపుకుంటూ.

"పీకించీండి బాబూ. దీని పీడ ఒదుల్తాది," అంది తవిటమ్మ.

"పీకితే నాను ఈడే పడి సస్తాను," అని దాలమ్మ బురదలోనే చతికిలబడింది. "మా అత్త మంచం మీదున్నాది. దాని గొంతులో పొయ్యడానికి సెంబుడు నీలు నేవు."

ఊరిపెద్ద గణపతిరావు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "రోజూ ఇదే వరసండి. ఏదో ఒకనాడు తలకాయలు పగుల్తాయి. అప్పుడు బోర్డోలు మిమ్మల్నే అడుగుతారు."

నరసింగరావు ఇంటి వెనక కొన్ని గొట్టాలున్నాయి. భార్య కన్యాకుమారి నీళ్లు మోయలేకపోతున్నానంటే, పెరట్లో కొళాయి పెట్టిస్తానని మాటిచ్చి కలకత్తా నుంచి తెప్పించినవి.

వారం తిరక్కుండా ఆ గొట్టాలతోనే కిందవీధిలో రెండో కొళాయి పారింది. కన్యాకుమారి మొగుడితో మాట్లాడటం మానేసింది. అయినా నరసింగరావుకి లోలోపల గర్వంగానే ఉంది. గొట్టాలు కలపడం ఏ ఓవర్సీరుకైనా వస్తుంది, మనుషుల్ని కలపడం ఎందరికి వస్తుంది?

కొన్నాళ్లకి పక్క ఊరికీ నీళ్లొచ్చాయి. అక్కడా ఒక్కటే కొళాయి. పని చూసుకుందామని వెళ్తున్న నరసింగరావుకి పొలిమేరలోనే కేకలు వినిపించాయి. ఈసారి ఇవ్వడానికి అతని దగ్గర గొట్టం ముక్క కూడా లేదు.

సైకిలు కంచెకి ఆనించి పరుగున వెళ్లాడు. కొళాయి దగ్గర ఎవరో ఇద్దరు కొత్తకోడళ్లు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. వాళ్లకి ఎదురుగా, అతని వైపు వీపు పెట్టి, తవిటమ్మా దాలమ్మా భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉన్నారు.

తవిటమ్మ, నిప్పు నోటి లోపలికి పెట్టి కాలుస్తున్న అడ్డపొగ చుట్ట తీసి చిరాగ్గా అంది.

"సిగ్గుపడితే రెండో కొళాయి రాదే. గట్టిగా తిట్టుకోండి, ఓర్సీరుబాబు వచ్చీ యేలయినాది."