కబుర్ల క్లాసు

ఖలందర్ చొక్కా జేబులో ఫోను ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.

గిరీష్ తప్ప ఎవరూ చూడలేదు. ఆ మనిషి మీద గిరీష్‌కి మొదటి ఆదివారం నుంచే ఓ కన్నుంది.

జగ్గయ్యపేటలో రిటైరైన నర్సు బాలామణి తన మేడమీద నడిపే క్లాసది. ఆరో నెల దాటితే కడుపులో బిడ్డకి బయటి మాటలు వినపడతాయని ఆవిడ చెబుతుంది. అందుకని వచ్చిన ప్రతి తల్లీ అందరి ముందూ ఐదు నిమిషాలు బిడ్డతో పైకి మాట్లాడాలి. ఊళ్లో దానికి కబుర్ల క్లాసని పేరు పడిపోయింది.

గిరీష్ వాళ్లతో కలిపి ఐదు జంటలొస్తాయి. ఖలందర్ మాత్రం ఒక్కడే వస్తాడు. నందిగామ మనిషి, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ లారీ తోలుతాడు. గోడవారగా కూర్చుని, నోరు విప్పకుండా ఆడవాళ్ల మాటలు వింటాడు. అనుమానం రావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"మీ ఆవిడ ఇవాళ కూడా రాలేదేంటండీ?" అడిగాడు గిరీష్.

"నీరసంగా ఉందండి."

"పోయిన వారం పుట్టింట్లో ఉందన్నారు?"

"వచ్చేసిందండి."

"అంతకుముందు వారం బస్సు పడదన్నారు."

ఖలందర్ జేబుని అరచేత్తో కప్పుకున్నాడు.

అసలు పెళ్లాం ఉందో లేదో! గిరీష్ చటుక్కున అతని జేబులోంచి ఫోను లాగేశాడు.

రికార్డింగ్ నడుస్తోంది. కింద ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఒకదాన్ని నొక్కాడు.

"ఒరేయ్ బుజ్జీ, ఇవాళ బీరకాయ పచ్చడి చేశానా, మీ నాన్నేమో ఉప్పెక్కువైందని మొహం ముడుచుకున్నాడు..."

దీప్తి గొంతు. గిరీష్ భార్య గొంతు! ఇంకోటి నొక్కినా అదే, మరోటి నొక్కినా అదే. బట్టల కొట్టు వాళ్లమ్మాయి కదా, ఐదు నిమిషాలిస్తే పావుగంట మాట్లాడుతుంది పాపం.

"ఇంతమందుండగా మా ఆవిడ గొంతే ఎందుకు నీకు?" గిరీష్ 'అండీ' ఎగిరిపోయింది.

"చెప్పకుండా తీసుకోవడం తప్పేనండి. మిగతావాళ్లు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. మేడం గారు ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారండి."

"వీటితో ఏం చేస్తావ్?"

"ఇంటికెళ్లాక రోజూ పెడతానండి."

బాలామణి అడ్డం రాకపోతే ఖలందర్ చెంప పగిలేదే.

"అన్నీ తీసెయ్యండి," అంది దీప్తి. "ఒక్కటి కూడా ఉంచొద్దు."

"ఒక్కటుంచండమ్మా," ఖలందర్ చేతులు జోడించాడు. "ఒక్కటంటే ఒక్కటి."

ఆ మాటతో, ఏ మూలో ఉన్న కాస్త జాలీ పోయింది. గిరీష్ అన్నీ చెరిపేసి ఫోను అతని చేతిలో కొట్టాడు.

"ఇంక రాకు బాబూ," అంది బాలామణి.

అతను తలవంచుకుని మెట్లు దిగిపోయాడు. పీడా వదిలిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మూడు వారాలు గడిచాయి. దీప్తిది నందిగామ పుట్టిల్లు. పొద్దున్నే అక్కడి ఆస్పత్రిలో చేర్చారు. నొప్పులు ఇంకా మొదలవలేదు. పక్క మంచానికి అడ్డంగా ఆకుపచ్చ తెర కట్టి ఉంది. తెర వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"నిన్న పుట్టిందండీ ఆ పాప. గుక్కెడు పాలు తాగలేదు. ఇలాగైతే పెద్దాస్పత్రికి పంపాలంటున్నారు డాక్టరుగారు," అంది నర్సు దిగులుగా.

ఎవరో ముసలావిడ జోకొడుతోంది. తల్లి మాత్రం కిక్కురుమనడం లేదు.

"బిడ్డ అంతలా ఏడుస్తుంటే ఒక్క మాటైనా పలకరించదేం?" అన్నాడు గిరీష్.

"ఆడపిల్లని ఇష్టం లేదేమో!" దీప్తికీ అనుమానమే. పొట్ట మీద చెయ్యేసుకుంది. "ఒరేయ్ బుజ్జీ, నువ్విట్లా ఏడవకురోయ్. మీ నాన్న అసలే భయస్తుడు..."

పక్కన ఏడుపు ఆగింది.

దీప్తి ఆగింది. ఏడుపు మొదలైంది.

మళ్లీ మాట్లాడింది. మళ్లీ ఏడుపు ఆగింది. ఈసారి బిడ్డ పాలు చప్పరిస్తున్న చప్పుడు వినిపించింది.

తెర పక్కకి జరిగింది. ఖలందర్!

"నువ్విక్కడికి కూడా తయారయ్యావా!" గిరీష్ ఒక్క ఉదుటున లేచాడు.

ఖలందర్ అతనివైపు చూడనేలేదు. "ఆపకండమ్మా, మీకు దణ్ణం పెడతా. రెండు నెలలు మా ఆవిడ పొట్ట దగ్గర ఫోను పెట్టి మీ మాటలే వినిపించాం. ఇప్పుడు పెడదామంటే ఒక్కటీ మిగల్లేదు."

గిరీష్ సిగ్గుతో తల దించుకున్నాడు. 

తెర వెనక మంచం మీద ఖలందర్ భార్య రమీజా బిడ్డని పొదువుకుని దీప్తినే చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి గానీ మాటేదీ వినిపించలేదు.

"చిన్నప్పుడు జ్వరమొచ్చి మాట పడిపోయిందమ్మా తనకి," అన్నాడు ఖలందర్. "అందరి ముందూ మాట్లాడమంటారని క్లాసుకి రానంది. తన సంగతి అక్కడ ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. బిడ్డకి వినపడే నెలలొచ్చాయంట కదా, ఎక్కడైనా ఒక అమ్మ గొంతు తెచ్చిపెట్టమని తనే సైగ చేసి అడిగింది."