తల్లి వేదిక మీదికి రావాలి

"వీళ్ళు ముగ్గురూ ఒకే కుటుంబమా?" ఈల మెళ్ళో వేసుకున్న రిఫరీ పిల్లల్ని ఎగాదిగా చూశాడు.

"ఆ ముక్కులు చూడు నాయనా, తెలియట్లా?" అంది ఒనేలియా.

ముక్కులు మాత్రమే ఒకటి. ఇంకేదీ కలవదు. ఈదబోయే మిలేదిస్ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. సైకిలు తొక్కబోయే ఎదిసోన్ కొబ్బరిచెట్టంత పొడుగు. చివర పరిగెత్తబోయే యుబెల్కిస్ ఎండుచేపలా ఉంటుంది.

పక్కన డాక్టరుగారి భార్య, ఊరంతా మర్యాదగా 'దోన్య' అని పిలిచే ఇవెలీస్, మూతి బిగించి నవ్వుకుంది. ఆవిడ మొగుడు, కొడుకు, కూతురు ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని నిలబడ్డారు. కుటుంబాల పోటీలో కప్పు ఏటా వాళ్ళదే.

"ముగ్గురిదీ ఇంచుమించు ఒకే ఈడులా ఉందే ఒనేలియా! మధ్యలో ఊపిరైనా తీసుకోలేదా?"

"వాళ్ళ నాన్నకి తొందరెక్కువ దోన్యా."

"ఆ మహానుభావుడేడీ?"

"ఏ ఓడెక్కాడో! సముద్రాన్నే అడగండి."

రిఫరీ రాజధాని నుంచి వచ్చినవాడు. ఊరి సంగతులు అతనికి తెలియవు. "చూడమ్మా, కప్పు ఇచ్చేముందు తల్లినో తండ్రినో వేదిక మీదికి పిలుస్తాం. వీళ్ళు మా పిల్లలని మైకులో చెప్పాలి. అబద్ధమని తేలితే జట్టు రద్దు."

"చెప్తాం," అంది ఒనేలియా.

జనం దాటి రాకుండా తాడు కట్టిన చోటికి వెనక్కి వచ్చింది. అక్కడ గొడుగు కింద చేపలు వేయించి అమ్మే తమారిస్, జడలు అల్లే సోబేయిదా కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు ఈ ముగ్గురూ నడిబజారులో జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళే. ఇప్పుడు ఒకే గిన్నెలోంచి అరటికాయ ముద్ద తింటున్నారు.

"అలలు చూడవే, నాలుక చాపినట్టు లేవూ? తెల్లవారుజామున కలలో తెల్ల తువ్వాలు కనపడింది. మంచిది కాదు," అంది ఒనేలియా.

"నీకు కలలో అరటిపండు కనపడినా మంచిది కాదుగా," అంది సోబేయిదా.

బూర మోగింది. పసుపుపచ్చ టోపీలన్నీ ఒక్కసారిగా నీళ్ళలోకి దూకాయి. కాసేపటికి ఏ టోపీ ఎవరిదో తెలియలేదు.

"మిలేదిస్ ఏదీ? మునిగిందా? తమారిస్, పిల్ల మునిగిందేమోనే!"

తమారిస్ తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

డాక్టరుగారి కూతురు ఒడ్డెక్కింది. తర్వాత ఇంకెవరో. ఆ తర్వాత ముక్కులోంచి నీళ్ళు కార్చుకుంటూ మిలేదిస్ వచ్చింది. కాలికున్న పట్టీ విప్పి ఎదిసోన్ కాలికి కట్టింది. ఆ పట్టీ చేతులు మారితేనే తర్వాతివాళ్ళు కదలాలి.

"చెవుల్లో నీళ్ళు దులుపుకో! తల తుడుచుకో!" తాడు వెంట పరిగెత్తింది ఒనేలియా.

"బతికే ఉన్నాను, ఏడుపు ఆపు!" అని అరిచింది మిలేదిస్.

ఎదిసోన్ కొండ మలుపు దాటి కనుమరుగయ్యాడు. అటు అరటి గెలల లారీలు తిరుగుతాయి. బ్రేకు పడని లారీ, రోడ్డు మీద వంగిన చక్రం, చర్చిలో గంట... అన్నీ ఒనేలియా కళ్ళ ముందు వరసగా జరిగిపోయాయి. సోబేయిదా తన గౌను అంచునే జడలా అల్లుతోంది. జోకులు ఆగిపోయాయి.

తిరిగి వచ్చినప్పుడు ఎదిసోన్ మోకాలు నిండా రక్తం. అయినా రెండో స్థానంలో ఉన్నాడు.

"పడ్డావా? ఇక ఆపేద్దామా?" రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

పిల్లలు గోడెక్కినా, చెట్టెక్కినా, వానలో తడిసినా 'ఆగండి' అని అరిచిన నోరు ఒనేలియాది. ఆ నోరే ఇప్పుడు, "ఆగడు! ఈల దింపవయ్యా! పట్టీ విప్పరా, చెల్లెలికి కట్టు!" అని అరిచింది.

ఎవరో వెనక నుంచి మాట్లాడారేమోనని ఆమె తిరిగి చూసుకుంది కూడా.

యుబెల్కిస్ సముద్రపు గట్టు మీద పరుగు తీసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. డాక్టరుగారి కొడుకు ముందున్నాడు. బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు కుమ్మరిస్తూ, "ముక్కుపిల్లా, లగెత్తవే!" అని కేకలు వేశారు. ఒనేలియా కళ్ళు మూసుకుంది. వడదెబ్బ, గుండె, ఆసుపత్రి... కళ్ళు తెరిచేసరికి ముగింపు రిబ్బను ఎండుచేప ఛాతీకి చుట్టుకుని ఎగురుతోంది.

డాక్టరుగారి కొడుకు రెండో వాడయ్యాడు.

ముగ్గురు పిల్లలూ ఒకరినొకరు మోసుకుంటూ వేదికెక్కారు. దోన్య ఇవెలీస్ నేరుగా రిఫరీ దగ్గరికి నడిచింది. "పిలవండి మరి. ఆ మాటేదో మైకులో చెప్పమనండి. నాతో పాటు ఊరంతా వింటుంది."

ఒనేలియా తమారిస్ చెయ్యి పట్టుకుంది. "అబద్ధమైతే రద్దన్నాడే. నిజం చెప్తే రేపు బజారులో తలెత్తుకు తిరగగలమా?"

"ఇన్నాళ్ళూ దించుకుని ఏం బావుకున్నాం?" అంది తమారిస్.

మైకు గరగరలాడింది.

"గెలిచిన పిల్లల తల్లి వేదిక మీదికి రావాలి!"

ముగ్గురు తల్లులూ లేచారు.