పండగ బయటికి పోకుండా

తలుపు చప్పుడికి తురీద్ పరుగెత్తింది.

గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. పొడవాటి నల్ల కోటు, మెడ చుట్టూ మఫ్లరు, కనుబొమల మీద మంచు.

"అమ్మా! ఎవరో వచ్చారు!"

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం. రేడియోలో చర్చి గంటలు అప్పుడే ఆగాయి. పొయ్యి మీద, బర్చ్ చెట్టు పుల్లల పైన గొర్రె పక్కటెముకలు ఆవిరికి ఉడుకుతున్నాయి. ఇల్లంతా అదే వాసన.

తల్లి ఆస్లౌగ్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"హాల్వార్ గారిల్లు ఇదేనా?" అన్నాడాయన. "నేను... మీతో ఒక మాట..."

"మాటలు తర్వాత బాబూ. ముందు లోపలికి రండి. గడప దాకా వచ్చినవాళ్లు ఏమీ తినకుండా వెళ్తే, మా ఇంటి పండగ వాళ్ల వెంట బయటికి పోతుంది."

"అది కాదమ్మా..."

"తినేదాకా ఒక్క మాట కూడా వినను."

తురీద్ అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుని క్రిస్మస్ చెట్టు దగ్గరికి లాక్కుపోయింది. ఎర్ర కాగితం, తెల్ల కాగితం చేతిలో పెట్టింది.

"చెట్టుకి కట్టడానికి బుట్ట అల్లు బాబాయ్. హృదయం ఆకారంలో రావాలి."

ఆయన అల్లబోయాడు. కాగితం చిరిగింది.

"అయ్యో, చించేశావు! మా అన్నయ్యకైతే కళ్లు మూసుకున్నా వచ్చేస్తుంది."

"మీ అన్నయ్యా?"

"సీవర్ట్. ఓడలో పని చేస్తాడు. ఈ గడ్డి మేక బొమ్మ వాడు చేసిందే. చూడు, మూడు కాళ్లే!"

"నాలుగోది విరగ్గొట్టింది ఎవరమ్మా?" అన్నాడు తండ్రి హాల్వార్ కుర్చీలోంచి.

తురీద్ కిలకిలా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

భోజనానికి ఆస్లౌగ్ ఒక కుర్చీ చూపించింది. "కూర్చోండి. మా సీవర్ట్‌ది. ఖాళీగానే ఉందిగా."

ఆయన కూర్చోబోయి ఆగాడు. వెళ్లి కట్టెల పెట్టె మీద కూర్చున్నాడు.

"మా కుర్చీలు నచ్చలేదు కాబోలు దొరగారికి," హాల్వార్ గొణిగాడు.

"నువ్వు ఊరుకో."

మాంసం ముక్క ఆయన నోట్లోనే తిరుగుతోంది. దిగడం లేదు. చివర్లో తీపి అన్నం వడ్డించింది ఆస్లౌగ్. ఆ అన్నం మొత్తంలో ఒక్కటే బాదంపప్పు ఉంటుంది. ఎవరికి వస్తే వాళ్లది అదృష్టం.

అది ఆయనకే వచ్చింది. చెంచాలో దాన్ని చూసి ఆయన ముఖం పాలిపోయింది. గబుక్కున తురీద్ గిన్నెలో వేసేశాడు.

"వేసేస్తే పోతుందా? మా ఇంటి అదృష్టం నువ్వే పట్టుకుపోతున్నావయ్యా!" హాల్వార్ పెద్దగా నవ్వాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. "నేను వెళ్లొస్తాను."

ఆస్లౌగ్ పండక్కి చేసిన ఏడు రకాల బిస్కట్లూ పొట్లం కట్టి గుమ్మం దాకా వచ్చింది.

"ఇందాక ఏదో మాట అన్నారు?"

ఆయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. తండ్రీ కూతుళ్లు చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ పాట అందుకున్నారు. హాల్వార్‌కి రాగం కుదరడం లేదు. తురీద్ వెక్కిరిస్తోంది.

"రేపు చెప్తానమ్మా. ఈ పూటకి తొందర లేదు."

"తొందర లేని మాట కోసం ఇంత మంచులో వచ్చాడా?" పాట ఆపి అన్నాడు హాల్వార్, బయటికి వినిపించేలా. "తిండికి వచ్చానని చెప్పొచ్చుగా!"

ఆ మాట ఆయనకి వినపడింది. వెనక్కి తిరగకుండానే మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున హాల్వార్ గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తున్నాడు. దారిలో అదే మనిషి. మఫ్లరు లేదు. మెడ చుట్టూ మడతలు మడతలుగా తెల్లటి పట్టీ, పాస్టర్లు పెట్టుకునేది.

పక్క దీవి చర్చిలో ముసలి పాస్టరు మంచాన పడ్డాడనీ, ఎవరో కొత్తాయన వచ్చాడనీ హాల్వార్ విన్నాడు. ఈ దీవిలో ఎవరూ పిలవకుండా పాస్టరు ఇంటికి వచ్చాడంటే, ఆ ఇంటి మనిషిని సముద్రం తీసుకుందనే అర్థం.

పార చేతిలోంచి జారింది.

"సీవర్టేనా?"

ఆయన తలూపాడు.

లోపల ఆస్లౌగ్ రాత్రి పాటే సన్నగా పాడుకుంటోంది.

హాల్వార్ వెళ్లి తలుపు మెల్లగా మూసి వచ్చాడు. "మీకు... ఎప్పుడు తెలిసిందండీ?"

"నిన్న మీ తలుపు తట్టకముందే," అన్నాడు పాస్టరు.