ఘర్ నాచా

"ఆ సీసా ఒక్కపారి చేతికిస్తవా బిడ్డా?"

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద వైన్స్ దుకాణం నడిపే భూపాల్ తల ఎత్తి చూశాడు.

కౌంటర్ ముందు తెల్ల గడ్డం ముసలాయన. నెత్తిన టోపీ. కుడిచెయ్యి లాల్చీ జేబులో ఉంది. చూపు మాత్రం అద్దాల అరలోని ఎర్ర వైను సీసా మీదే.

ఆ పొద్దు భూపాల్ కాలు నేల మీద నిలవడం లేదు మరి! హైదరాబాద్‌లో అంతంత పెద్ద దుకాణాలుండగా, స్పెయిన్ నుంచి దిగిన సీసా ముందుగా తన దుకాణానికే వచ్చింది. వచ్చినవాళ్లందరికీ దాని లేబుల్ చూపిస్తున్నాడు.

లేబుల్ మీద ద్రాక్షగుత్తి పట్టుకున్న చేతి ఫొటో. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది.

"స్పెయిన్ రైతు చెయ్యి! వేలు పోయినా ఆ ఠీవి చూడుండ్రి. గసొంటి చేతులు మన దగ్గర యాడున్నయ్?" అని ఒకటే గొప్పలు.

"నువ్వు తాగుతవా చాచా?" అన్నాడు ముసలాయనతో.

"తోబా తోబా! మా బేగం రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డది. నీ దుకాణం దిక్కు రాదు. నేనే ఈ మెట్ల మీద నిలబడి ఆమెకు చూపిస్త."

"ఎందుకు?"

"ఎప్పటికన్న చూపిస్తనని మాటిచ్చిన. ఇప్పుడు బిడ్డ దగ్గర ఉండనీకి పోతున్నం. మల్ల ఈ దిక్కు రాము."

"గది ఆటబొమ్మ కాదు చాచా. గ్రెనేచ్ ద్రాక్ష వైను!"

"గర్నాచా," అన్నాడు ముసలాయన మెల్లగా.

రోజూ వచ్చే గిరాకీ సిద్దయ్య పగలబడి నవ్వాడు. "ఘర్ నాచా? తాగకముందే ఇల్లు చిందులేసిందా చాచా?"

భూపాల్‌కు నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

ముసలాయనకు కోపం రాలేదు. "దానికి ఎండ తగుల్తది. జర నీడకు పండబెట్టు బిడ్డా."

"జోల గూడ పాడాల్నా?"

"ఇస్తవా మరి?"

"జేబుల పెట్టిన చెయ్యి బయటికి తీస్తలేవు గానీ సీసా ఇయ్యాల్నంట! పో చాచా, గిరాకీ టైము."

ముసలాయన ముఖం చిన్నబోయింది. రోడ్డు దాటాడు. బేగం ఏదో అడిగితే తల అడ్డంగా ఊపాడు.

అంతలో వైను కంపెనీ నుంచి వచ్చిన నర్మద కారు దిగింది.

"మా గర్నాచా చేరిందా అన్నా?"

భూపాల్ నవ్వు టక్కున ఆగింది. "గర్నాచానా?"

"అవ్. స్పెయిన్ల గట్లనే అంటరు."

సిద్దయ్య మెల్లగా వెనక్కి జరిగాడు.

"అందరినీ ఇడిసిపెట్టి నా దుకాణానికే ఎందుకు పంపిండ్రక్కా?" పొగడ్త కోసం భూపాల్ చెవులు రిక్కించాడు.

"నీ దుకాణం చూసి కాదన్నా, ఈ ఊరిని చూసి. లేబుల్ మీది చెయ్యి ఇబ్రహీంపట్నం మనిషిదే. ఇరవై ఏండ్లు స్పెయిన్ ద్రాక్షతోటల్ల కొమ్మలు కత్తిరించిండు. ఆయన చెయ్యి పడితేనే తీగ కాస్తదని తోట యజమానికి మస్తు నమ్మకం. మొదటి సీసా ఆయన ఊర్లనే పెట్టమన్నడు. నేను ఆయనను ఎతుక్కుంటనే వచ్చిన. పేరు..."

భూపాల్ ఆమెను ఆ పేరు చెప్పనిస్తేనా? ఒక్క క్షణం గాలి తీసినట్టయినా, మరుక్షణం ఛాతీ రెండింతలు పొంగింది.

"మా ఊరోని చెయ్యా!"

అద్దాలు తెరిచి, సీసా పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాడు. హయత్‌నగర్ బస్సు ఆగి ఉంది. ముసలాయన, బేగం అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"చాచా! నువ్వన్నదే నిజం, గర్నాచానే! గీ చెయ్యి స్పెయినోళ్లది కాదంట. మా ఊరోనిదంట! చూడు, మంచిగ చూడు!"

కిటికీ దగ్గరికి పోయి సీసాను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

బేగం ముసుగు తీసి కళ్లారా చూసింది. సీసా వైపు, భర్త వైపు మార్చి మార్చి చూసి, నిండుగా నవ్వింది.

బస్సు కదిలింది.

ముసలాయన జేబులోంచి కుడిచెయ్యి తీసి, కిటికీలోంచి భూపాల్‌కు సలాం చేశాడు. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది.