సగం చేను

1979 తొలకరి. గోనెగండ్ల దగ్గర వాగొడ్డు చేన్లో దుర్గప్ప వేరుశనగ విత్తడానికి గొర్రు కట్టాడు.

షావుకారు దగ్గర ఆ నాలుగెకరాలు కొని రెండేళ్లు. రెండేళ్లూ వేరుశనగే. ఆదోని మార్కెట్లో రొక్కం కళ్లజూడాలంటే ఆ పంటే మరి. కానీ నిరుడు సగం చెట్లు వేరు కుళ్లి పడిపోయాయి. ఈసారీ పోతే ఎడ్లను సంతకు తోలాల్సిందే.

ఆ రోజు కూలికొచ్చిన మాదన్న కొత్త మనిషి. ఎమ్మిగనూరు నుంచి నడిచొచ్చాడట. గొర్రు పట్టకముందే వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు.

"సెనక్కాయ మీద సెనక్కాయ వద్దప్పా. ఈ యేడు జొన్న, నడుమ కంది సాళ్లు యెయ్యి. కంది ఆకు రాలి నేల తేరుకుంటాది."

దుర్గప్పకు నవ్వొచ్చింది. ఆ పక్క కూలి ఇచ్చేది జొన్నల్లోనే. రైతులంతా వేరుశనగకు మళ్లితే కూలోళ్ల సంగటికి కరువే. ఎవరి ఏడుపు వారిది అనుకున్నాడు.

"నీకు జొన్నలు కావాలని నా పంట మార్చమంటావా?"

మాదన్న కోపం తెచ్చుకోలేదు.

"సగం చేనన్నా యెయ్యప్పా. నాకు కూలి ఇయ్యొద్దులే."

కూలే వద్దన్నవాడి మాట తీసెయ్యడం దుర్గప్పకు చేతకాలేదు. ఇంట్లో ఉన్న జొన్నలూ కందులూ తెప్పించి సగం విత్తించాడు. మాదన్న గింజ ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ యేడు వాన ముఖం చాటేసింది. వేరుశనగ వేసిన సగం మాడిపోయింది. జొన్న మాత్రం ఇంటిల్లిపాదికీ తిండి పెట్టింది. చొప్ప ఎడ్లను నిలబెట్టింది. మరుసటి యేడు, కంది ఆకు రాలిన నేలలో వేరుశనగ వేస్తే చెట్టుకు చేరెడు కాయలు.

దుర్గప్ప బండిలో జొన్నల మూట వేసుకుని ఎమ్మిగనూరు వెళ్లి వాకబు చేశాడు. మాదన్న చనిపోయి మూడు నెలలట. భార్య ఏసమ్మ మంచం వాల్చి కూర్చోమంది.

దుర్గప్ప కూర్చోలేకపోయాడు.

"నా ఎడ్లు కొట్టంలో ఉండాయంటే ఆయన పున్యమేనమ్మా. ఒక్క దండం పెట్టలేకపోతిని."

"కంది పూసినప్పుడు పోయి, గట్టు మీద నిలబడి చూసి వచ్చినాడప్పా. ఆ పొద్దు ఇంకో ముద్ద అడిగి తిన్నాడు."

పరాయి చేను చూడటానికి అంత దూరం నడవడం ఎందుకని దుర్గప్ప అడిగాడు.

"ఐదేండ్లు వరసగా సెనక్కాయే యేసి, మేము పోగొట్టుకున్న చేనప్పా అది," అంది ఏసమ్మ.